జనరేటర్ వేడితో ఏసీ సరే, ముందు వేడినీళ్ల సంగతి చూడండి

కోజెన్, అంటే ఒకే ఇంధనంతో కరెంటూ వేడీ రెండూ తీసుకోవడం, అనగానే మనవాళ్లకి చక్కెర ఫ్యాక్టరీలే గుర్తొస్తాయి. చెరుకు పిప్పి కాల్చి ఆవిరి తీస్తారు, దాంతో టర్బైన్ తిప్పితే కరెంటు, టర్బైన్ దాటి బయటికొచ్చిన ఆవిరితో రసం మరగబెట్టుకోవడం. బిల్డింగులకీ ఇదే లెక్క. న్యూయార్క్ మన్‌హట్టన్‌లో 1882 నుంచి రోడ్ల కింద పైపుల్లో ఆవిరి అమ్ముతున్నారు, ఇప్పుడు అందులో కొంత కరెంటు ప్లాంట్ల నుంచి వచ్చేదే.

నేను బిల్డింగ్ మెయింటెనెన్స్ లైన్లోనే ఉన్నా, హోటళ్లకీ హాస్పిటళ్లకీ ఇప్పుడు గ్యాస్ ఇంజన్ పెట్టి దాని వేడితో ఏసీ నడపండి అని సేల్స్ వాళ్లు తిరుగుతున్నారు కాబట్టి ఈ ముక్క రాయాలనిపించింది. వాళ్లు చెప్పే 80 శాతం ఎఫిషియెన్సీ అబద్ధమేం కాదు. మంచి గ్యాస్ ఇంజన్ గ్యాస్‌లో ఉన్న శక్తిలో ఓ 40 శాతాన్ని కరెంటు చేస్తుంది, సైలెన్సర్ వైపు పొగ 400 డిగ్రీల వేడి మీద పోతుంటుంది, ఇంజన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరిచే జాకెట్ నీళ్లు 90 డిగ్రీల దాకా ఉంటాయి, ఈ రెండింటి వేడినీ పట్టుకుంటే ఇంకో 40 శాతం వస్తుంది. బొగ్గు ప్లాంటులో అయితే మూడో వంతుకి కాస్త అటూ ఇటూగా కరెంటు అయ్యి మిగతాదంతా గాల్లో కలిసిపోద్ది.

అసలు తిరకాసు ఆ రెండో 40 దగ్గరుంది. మెగావాట్ ఇంజన్ అనుకోండి, చేతికొచ్చే వేడి కూడా దాదాపు ఇంకో మెగావాట్. దాన్ని కరెంటు బదులు వేడితోనే చల్లబరిచే, ఆ వేడిని ఒక్కసారే వాడుకునే సింగిల్ ఎఫెక్ట్ వేపర్ అబ్సార్ప్షన్ చిల్లర్‌కి ఇస్తే 700 కిలోవాట్ల చల్లదనం, అంటే 200 టన్నులు. వినడానికి బానే ఉంది కదా, కానీ అదే 200 టన్నులు మంచి కరెంటు చిల్లర్ 120, 130 కిలోవాట్లతో ఇచ్చేస్తది! అంటే అంత వేడి పట్టుకొచ్చి మిగిల్చింది ఆ 130 కిలోవాట్ల కరెంటే. అదే వేడిని లాండ్రీకి, స్నానాల నీళ్లకి, వంటింటికి వాడారనుకోండి, బాయిలర్‌లో కాల్చాల్సిన మెగావాట్ పైచిలుకు ఇంధనం నేరుగా ఆగిపోతుంది. పొగ వేడిని విడిగా, వేడిని రెండుసార్లు వాడుకునే డబుల్ ఎఫెక్ట్ మెషీన్‌కి ఇస్తే లెక్క కొంచెం మెరుగవుద్ది, అయినా వేడినీళ్ల తర్వాతే.

ఈ అబ్సార్ప్షన్ మెషీన్ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది లెండి. కంప్రెసర్ లేదు, చప్పుడు తక్కువ, లోపల దాదాపు వాక్యూమ్ కాబట్టి నీళ్లు 5 డిగ్రీలకే మరిగిపోతాయి, ఆ ఆవిరిని లిథియం బ్రోమైడ్ ఉప్పునీళ్లు పీల్చేసుకుంటాయి, ఇంజన్ వేడి పెట్టి మళ్లీ ఆ నీళ్లని వెళ్లగొట్టాలి, అంతే. ఎక్కడో సన్నగా గాలి లీకయిందా, కూలింగ్ పడిపోద్ది. కరెంటు ఠక్కున పోయినా, కూలింగ్ టవర్ నుంచి వచ్చే నీళ్లు మరీ చల్లబడ్డా లోపల ఉప్పు గడ్డకట్టి కూర్చుంటుంది, అది కరిగే దాకా మెషీన్ పక్కనే కాపలా. పైగా కూలింగ్ టవర్ నీళ్లు మామూలు చిల్లర్ కన్నా బాగా ఎక్కువ తాగుతుంది, ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించుకునే బిల్డింగులకి ఇది చిన్న విషయం కాదు కానీ ప్రజెంటేషన్‌లో ఈ స్లైడ్ ఉండదు మరి.

హాస్పిటల్‌కి ఎందుకు కుదురుతుందంటే రాత్రీ పగలూ లోడు ఉంటుంది, వేడినీళ్లు కావాలి, స్టెరిలైజేషన్‌కి ఆవిరి కావాలి, ఆపరేషన్ థియేటర్ ఏసీ ఆగకూడదు. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్లో జర్మనీ వాళ్ల సాయంతో ఇలాంటిదే పెట్టారు. సాయంత్రం ఏడు దాటితే ఖాళీ అయిపోయే ఐటీ ఆఫీసుకి మాత్రం నా దృష్టిలో దండగ, ఇంజన్ సగం రోజు ఊరికే నిలబడుంటే పెట్టిన డబ్బు ఎప్పటికి తిరిగొస్తుంది? డీజీ సెట్‌కే (డీజిల్ జనరేటర్‌కే) తగిలిద్దామని అడిగేవాళ్లు కూడా ఉంటారు, కరెంటు పోయినప్పుడు కాసేపు నడిచేదానికి అన్ని పైపులెందుకండీ.

ఎవరైనా కొటేషన్ పట్టుకొస్తే ఏడాది పొడుగునా గంట గంటకీ మీ వేడినీళ్ల లోడు ఎంతో అడిగారా లేదా చూడండి. అది అడక్కుండా టన్నుల లెక్క ముందు తీశారంటే ఇంకో ఇద్దర్ని పిలవండి.