అలమరలో ఇమడని పత్రిక

ఆదివారం, రాత్రి పది దాటింది.

ఈ రోజు చెప్పుకోదగిన పని ఏదీ చేయలేదు. ఉదయం బట్టలు వాషింగ్ మెషీన్లో వేసి, అవి తిరిగేలోగా హాల్లోని పుస్తకాల అలమర దులుపుదామని కూర్చున్నదాన్ని, సాయంత్రం దాకా అక్కడి నుంచి లేవలేదు. కారణం మూడో అరలోని మెక్‌స్వీనీస్ సంచికలు. మిగతా పుస్తకాలన్నీ పొడవును బట్టి ఒద్దికగా నిలబడతాయి. ఈ అమెరికన్ త్రైమాసిక కథల పత్రికలో మాత్రం ఏ రెండు సంచికలకూ కొలత కలవదు కనుక, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఇంకొకటి మరొకదాని నెత్తిన, సంతరోజు బస్సులో జనంలా సర్దుకుని ఉంటాయి. రెండు వారాల క్రితం తెనాలి నుంచి కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్ ఇంటికి వచ్చిన అమ్మ మొదటి రోజే వీటిని చూసి, "ఇవేం పుస్తకాలే, ఒక్కటీ పుస్తకంలా లేదు?" అని అడిగింది.

ఈ ఉదయం నేను అలమర ఖాళీ చేస్తూ ఉండగా ఆమె 74వ సంచికను వంటింట్లోకి తీసుకుపోయి కడిగేసింది. తప్పు ఆమెది కాదు. 2024లో వచ్చిన ఆ సంచిక అచ్చంగా బడిపిల్లల రేకు టిఫిన్ డబ్బాయే. పట్టుకోవడానికి పిడి ఉంది, పైన కామిక్స్ చిత్రకారుడు ఆర్ట్ స్పీగల్‌మన్ వేసిన బొమ్మలు ఉన్నాయి. లోపల మన పిల్లలు దాచుకునే క్రికెట్ కార్డుల్లాంటివి ఉంటాయి గానీ వాటి మీద ఉండేది ఆటగాళ్లు కాదు, రచయితలు. అక్షరాలు అచ్చువేసిన పెన్సిళ్లు కూడా ఉంటాయి. అమ్మ వాటన్నిటినీ జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, డబ్బాను తోమి బోర్లించి, "రేకు పల్చన, తుప్పు పడుతుంది" అని తీర్పు చెప్పింది. నాకు ఒక క్షణం గుండె ఆగినంత పనైంది, ఆ తర్వాత నవ్వు వచ్చింది. టిఫిన్ డబ్బాలా కనిపించాలని అంత శ్రద్ధగా తయారుచేసినవాళ్లు, దాన్ని టిఫిన్ డబ్బాగానే చూసిన మనిషి దొరికినందుకు సంతోషిస్తారే తప్ప కోపగించుకోరు.

ఈ పత్రికను రచయిత డేవ్ ఎగర్స్ 1998లో న్యూయార్క్‌లో మొదలుపెట్టాడు; తర్వాత అది మాకు గంట దూరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకు చేరింది. ఇతర పత్రికలు తిప్పి పంపిన రచనలకు చోటివ్వడం తొలి సంకల్పం. పేరు వెనుక కథ అమ్మకు నచ్చింది: మెక్‌స్వీనీ అనేది ఎగర్స్ తల్లి పుట్టింటివారి ఇంటిపేరు, తానూ ఆ వంశంవాడినేనని చెప్పుకుంటూ ఎవరో ఒకాయన వాళ్లింటికి ఉత్తరాలు రాసేవాడు, పత్రికకు ఆయన పేరే పెట్టారు. "అయితే అమ్మ పుట్టింటి పేరు నిలబెట్టాడన్నమాట" అని ఆమె ఎంతో తృప్తిగా తల ఊపింది.

తొలి సంచికలు ఎక్కడో ఐస్‌లాండ్‌లో అచ్చయ్యేవి. మూడో సంచికలో ఒక చిన్న కథను పుస్తకం వెన్ను మీదనే ముద్రించారు. నాలుగో సంచిక ఒక అట్టపెట్టె, అందులో విడివిడిగా కుట్టిన 14 చిన్న పుస్తకాలు. 17వ సంచిక ఎవరికో వచ్చిన టపా కట్టలా ఉంటుంది. 2009 చివర వచ్చిన 33వ సంచిక ఏకంగా ఒక పెద్ద దినపత్రిక. వీటన్నిటినీ నేను ఒకే తీరుగా మెచ్చుకోలేను. కథలను బుడగల మీద అచ్చువేసిన సంచిక కూడా ఒకటి వచ్చింది. ఊదితే తప్ప చదవలేని ఆ కథ నాకు గారడీలాగే తోచింది, అందుకే కొనలేదు. రూపం కథకు పనికిరావాలి గానీ, కథే రూపానికి సాకు కాకూడదని నా పట్టుదల.

అలా పనికివచ్చిన సందర్భం ఒకటి ఈ మధ్యాహ్నం అమ్మ చేతుల్లోనే చూశాను. 2005 నాటి 16వ సంచిక మడతలు విప్పితే జేబులు కనిపిస్తాయి. ఒక జేబులో కథల పుస్తకం, ఒక దానిలో పేక ముక్కలు, ఇంకొక దానిలో, ఎందుకో నేటికీ నాకు బోధపడని ఒక దువ్వెన. "ఎవరి తలలోదో తెలియని దువ్వెన ఇంట్లో పెట్టుకుంటావా?" అని దానిని ఆమె కొనవేళ్లతో తీసి పక్కన పెట్టింది. పేకను చూడగానే మాత్రం కళ్లు మెరిశాయి. మా పెదనాన్నగారి ఇంట్లో రమ్మీ అంటే అమ్మ ముందు ఎవరూ నిలిచేవారు కారు.

ఆ ముక్కలు అమెరికన్ రచయిత రాబర్ట్ కూవర్ రాసిన కథ. అన్నీ ఆఠీన్లే, ఆసు నుంచి రాజు దాకా 13. ముందు కథ పేరు రాసిన ముక్క, చివర జోకరు. ఆ రెండూ కదలవు, నడిమి పదమూడింటినీ ఎలా కలిపినా కథ నడుస్తుంది. కథలోని ఆఠీను రాజుగారి మిఠాయి దొంగతనం ఒక ఇంగ్లీషు పిల్లల పాటలోనిదే. ఎన్ని వరుసలు సాధ్యమో కాగితం మీద లెక్క కట్టాను: 622 కోట్ల 70 లక్షల 20 వేల 800. అమ్మ బల్ల మీద పేక కలిపి ఒక్కొక్క ముక్కే వేస్తూ ఉంటే, నేను ఎత్తి, అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ పోయాను. మొదటిసారి ఆమె ఊఁ కొడుతూ విన్నది. రెండోసారి కలిపి వేసినప్పుడు, ఇందాక ముందు విన్నది వెనక్కి, వెనకది ముందుకు వచ్చేసరికి, "ఇంతకీ దొంగ ఎవరే?" అని నిలదీసింది. ముక్కలు ఎలా పడితే అలాగే అనుమానమూ తిరుగుతున్నదని చెప్పాను. ఆమె కొంచెం ఆలోచించి, "అయితే పంచేవాడే దొంగ" అన్నది. నేను ఈ కథను నాలుగైదు సార్లు చదివాను గానీ, కలిపే చెయ్యి కూడా కథలో భాగమన్న సంగతి ఇంత సూటిగా నాకు తట్టలేదు.

పేక పక్కన పెట్టాక అమ్మకు తన బైండు పుస్తకాలు గుర్తుకు వచ్చాయి. వారపత్రికల్లో వచ్చే సీరియళ్ల పేజీలను వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండింగు కొట్టుకు ఇచ్చి, కేలికో గుడ్డ వెన్ను వేయించి తెచ్చుకున్న పుస్తకాలు మా ఇంట్లో పదికి పైగా ఉండేవి. ఉడికించిన మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు కనుక పురుగు పట్టేది కాదు. ఆ పుస్తకాల్లో నాయిక ఏడుస్తున్న పేజీ తిప్పితే వెనుక సగం గోంగూర పచ్చడి తయారీ, సగం తలనూనె ప్రకటన వచ్చేవి. ఒక వారం సంచికను పక్కింటివాళ్లు తీసుకుపోయి పోగొడితే, అమ్మ ఆ చోట ఒక రూళ్ల కాగితం కుట్టించి, జరిగిన కథను తన చేతిరాతతో రాసిపెట్టింది. మెక్‌స్వీనీస్‌లో సంపాదకుడు చేసే పనిని మన ఇళ్లలో పాఠకురాళ్లు చేసుకున్నారు. ఒక్కొక్కరి దగ్గర ఉన్న ప్రతి మరెవరి దగ్గరా ఉండదు. తెనాలి ఇల్లు అమ్మినప్పుడు ఆ పుస్తకాలు కిలోల లెక్కన పాత పేపర్లవాడి తక్కెడ ఎక్కాయి. అప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, ఉంచమని ఒక్క మాట ఫోనులో చెప్పలేదు.

"ఇన్ని సోకులకు డబ్బెక్కడిది వాళ్లకు?" అని కూడా అడిగింది. ఇబ్బందులు లేకపోలేదు. 2006 చివర వీళ్ల పుస్తకాలను పంపిణీ చేసే సంస్థ మాతృసంస్థ దివాలా తీయడంతో వీళ్లకు రావలసిన దాదాపు 1,30,000 డాలర్లు చిక్కుకుపోయాయి. మరుసటి ఏడాది పాత పుస్తకాలను తగ్గింపు ధరలకు అమ్మి, అపురూపమైనవి వేలం వేసి గట్టెక్కారు. 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మారాలని నిర్ణయించుకున్నారు. చందాలు, విరాళాలు అని చెప్పగా విని, "చందాల మీద పత్రిక నడపడం మనవాళ్లకు తెలియనిదా" అని నిట్టూర్చి లేచింది.

బట్టలు మెషీన్లోనే ముడుచుకుపోయి ఉన్నాయి, మళ్లీ తిప్పవలసి వచ్చింది. భోజనాలయ్యాక సంచికలను తిరిగి అరలో పెట్టాను. దువ్వెన కనిపించలేదు, అమ్మను అడగడానికి ధైర్యం చాలలేదు. టిఫిన్ డబ్బా కోసం వంటింట్లోకి వెళితే, అది ఫ్రిజ్ మీద ఉంది, లోపల అమ్మ బీపీ మాత్రలు, కళ్లజోడు తుడిచే గుడ్డ, ఫోను చార్జరు పొందికగా అమర్చి ఉన్నాయి. కార్డులనూ పెన్సిళ్లనూ ఒక కవరులో వేసి, మూడో అరలో డబ్బా ఉండవలసిన ఖాళీలో పెట్టాను. అమ్మ తిరుగు ప్రయాణం ఇంకా నాలుగు నెలలకు.