అడుగున మన మొరమే, పైన ఎక్కడిదో బూడిద

పోయిన జులైలో నెల రోజులు మా బిడ్డ దగ్గర ఉండి వచ్చాను. తను అమెరికాలో ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే చిన్న ఊళ్లో చదువుతోంది. వచ్చినప్పటి నుంచి చుట్టాలంతా ఏమేం చూశావని అడుగుతున్నారు. చాలానే చూశాను గానీ, మనసులో నిలిచిపోయింది మాత్రం కొండదారి పక్కన తెగి ఉన్న ఒక మట్టికట్ట.

నేను హనుమకొండలో భూసార పరీక్షల పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. రైతులు సంచుల్లో తెచ్చే అరకిలో మట్టితోనే నా రోజంతా గడుస్తుంది. సంచి విప్పి, గుప్పెడు మట్టి తీసి, నీళ్లు చల్లి వేళ్ల మధ్య నలిపితే అది దుబ్బా, చెలకా, రేగడా అన్నది తెలిసిపోతుంది. ఉదజని సూచిక (pH), లవణాలు, భాస్వరం అన్నీ ఆ తర్వాత.

మాస్కో చుట్టూ అన్నీ గోధుమ పొలాలే. ఊరికి ఉత్తరాన మాత్రం అడవి కప్పిన కొండ ఉంది, మాస్కో మౌంటెన్ అంటారు. మా బిడ్డ స్నేహితురాలు, జగిత్యాల అమ్మాయి, అడవి నేలల మీదే పరిశోధన చేస్తోంది. "అంకుల్, మీకు ఒకటి చూపిస్తాను రండి" అని కారులో తీసుకెళ్లింది. పైకి పోయేకొద్దీ ఫర్ చెట్లు, రెడ్ సెడార్లు. ఒక మలుపులో దారి కోసం కొండను కోసిన చోట కారు ఆపింది.

కట్ట అడుగు భాగం చూడగానే నా నోట్లోంచి "అరె, మొరం!" అని వచ్చేసింది. బూడిద రంగు మీద తెల్లటి, పచ్చటి చారలు. గోటితో గీకితే పలుకులు పలుకులుగా రాలింది. మధ్యలో కాకిబంగారం మెరుస్తోంది. పద్మాక్షి గుట్ట పక్కన బావి తవ్వినా రెండు గజాల కింద ఇదే వస్తుంది. ఆ కొండ కూడా మనలాగే గ్రానైటు మరి. గ్రానైటు ఎక్కడ చివికినా ఒకే తీరు. నల్ల కాకిబంగారం ముందు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు రాయి లోలోపల చిట్లుతుంది. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం మెల్లగా సుద్దమట్టిగా మారుతుంది. పలుగురాయి మాత్రం దేనికీ లొంగక ఇసుకగా మిగిలిపోతుంది. అందుకే ఈ నేలల్లో ఇసుక ఎక్కువ, జిగట తక్కువ. నీళ్లు పోస్తే పోసినట్టే దిగిపోతాయి, కాదంటే పైనుంచి జారిపోతాయి.

మరి ఇలాంటి మొరం మీద అంత దట్టమైన అడవి ఎలా నిలబడింది? అక్కడ జులై, ఆగస్టుల్లో వాన పడేది చాలా తక్కువ. చలికాలంలో కురిసి కరిగిన మంచునీళ్లతోనే చెట్లు ఎండాకాలమంతా గడపాలి.

జవాబు ఆ కట్ట పైభాగంలో ఉంది. మొరం మీద అడుగున్నర మందాన, గీత గీసినట్టు వేరుగా, లేత గోధుమ రంగు మట్టి. ఆ అమ్మాయి ఇంత తీసి నా అరచేతిలో పెట్టింది. బరువే లేదు. పొడిగా ఉన్నచోట వేళ్ల మధ్య రాస్తే గోధుమపిండిలా జారింది, ఎక్కడా ఇసుక గరుకు తగల్లేదు. నీళ్లు కలిపి అలవాటు ప్రకారం బొటనవేలితో రిబ్బన్‌లా సాగదీయబోతే సాగలేదు, తెగిపోయింది. అంత మెత్తటి మట్టి, అయినా జిగట లేదు. ఇన్నేళ్లలో నా చేతికి అలాంటిది రాలేదు.

అది అగ్నిపర్వతం బూడిద. సుమారు 7,700 ఏళ్ల కింద, ఇప్పటి ఓరెగాన్ రాష్ట్రంలో మజామా అనే పర్వతం పేలి, తన గుంతలోకి తానే కూలిపోయింది. ఆ గుంతలో నీళ్లు నిండి క్రేటర్ లేక్ అయింది. 594 మీటర్ల లోతు, అమెరికా మొత్తంలో అంత లోతైన సరస్సు ఇంకోటి లేదు. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి, దాదాపు 580 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండల మీద పరుచుకుంది. హైదరాబాద్‌లో బయలుదేరితే బెంగళూరు దాకా అనుకోండి. ఉత్తరం వైపు వాలుల్లో, చెట్ల నీడలో పడింది నిలిచిపోయింది. ఎండ కొట్టే దక్షిణం వాలుల్లో చాలావరకు కొట్టుకుపోయింది. ఒకే కొండకు ఒక పక్క దట్టమైన అడవి, ఇంకో పక్క పలచటి చెట్లు ఉంటాయంటే ఎండతో పాటు ఇదీ ఒక కారణం.

ఒక లీటరు డబ్బా తీసుకుని ఎండిన మట్టి నింపండి. మన చెలక మట్టి దాదాపు కిలోన్నర తూగుతుంది. ఆ బూడిద మట్టి 900 గ్రాములు కూడా దాటదు. మిగతాదంతా ఖాళీ, అంటే నీళ్లకు చోటు. బూడిద నిజానికి గాజు పెంకుల్లాంటి సన్నటి రవ్వ. అది చివికితే అల్లోఫేన్ అనే పదార్థం పుడుతుంది. అందులో ఒక్కో రేణువు లోపల బోలుగా ఉండే చిన్న గోళీ, అడ్డంగా కొలిస్తే 5 నానోమీటర్లు. లోపలా బయటా తడి పట్టుకునే గోళీలు అవి. ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. సన్నటి బూడిద కింద గరుకు మొరం ఉండటం వల్ల, పై పొర పూర్తిగా తడిసేదాకా నీళ్లు కిందికి దిగవు. సన్నటి సందుల్లోంచి పెద్ద సందుల్లోకి నీరు అంత తేలిగ్గా పోదు. బూడిద తాగగలిగినంత తాగాకే మొరానికి వదులుతుంది.

ఆ అమ్మాయి బ్యాగులోంచి ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే మందు) పూసిన తెల్ల కాగితం ముక్క తీసింది. మీద చిటికెడు బూడిద మట్టి పెట్టి, సోడియం ఫ్లోరైడ్ ద్రావణం రెండు చుక్కలు వేసింది. కొద్దిసేపట్లో మట్టి చుట్టూ కాగితం గులాబీ రంగుకు తిరిగింది. అల్లోఫేన్‌లో అల్యూమినియాన్ని పట్టుకుని ఉన్న హైడ్రాక్సిల్‌ను ఫ్లోరైడ్ నెట్టేస్తుంది, దాంతో క్షారగుణం పెరుగుతుంది. అడుగు మొరం మీద కూడా వేయించాను. కాగితం తెల్లగానే ఉంది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన పరీక్ష అది. 22 ఏళ్ల తర్వాత కళ్లారా చూశాను.

ఆ అల్యూమినియంతోనే చిక్కు కూడా ఉంది. వేసిన భాస్వరాన్ని అది గట్టిగా పట్టేసుకుంటుంది. చెట్లు వేర్లకు అంటి పెరిగే బూజు సాయంతో దాన్ని కాస్త కాస్త రాబట్టుకుంటాయి. పైగా ఈ మట్టి మీద పెద్ద మిషన్లు తిరిగితే ఇట్టే అణిగిపోతుంది, దశాబ్దాలైనా కోలుకోదు. కోసుకుపోతే మళ్లీ తెచ్చేవాళ్లు లేరు. 1980 మే 18న సెయింట్ హెలెన్స్ పర్వతం పేలినప్పుడు మాస్కోలోనూ బూడిద పడింది. మా బిడ్డ ఇంటి ఓనరమ్మ అది ఒక సీసాలో దాచుకుంది. తెచ్చి చూపించింది. సీసా అడుగున నాలుగు వేళ్ల ఎత్తు, అంతే. వాళ్ల అడవి తాగే నీళ్లన్నీ 7,700 ఏళ్ల నాటి ఆ పాత పొర దాచిపెట్టినవే.

అగ్నిపర్వతం అనగానే మనవాళ్లు ఆదిలాబాద్ రేగడి గుర్తు చేస్తారు. అది బూడిద కాదు, కోట్ల ఏళ్ల కింద పారిన లావా గడ్డకట్టిన బసాల్టు రాయి చివికి అయిన నల్లనేల. నిజమైన బూడిద కావాలంటే రాయలసీమలో జ్వాలాపురం దగ్గర ఉంది. సుమారు 74,000 ఏళ్ల కింద ఇండోనేషియాలో టోబా పేలినప్పుడు పడింది. అదీ లోయ అడుగున పూడుకుపోయింది కాబట్టే మిగిలింది.

తిరిగొచ్చేటప్పుడు విమానంలో నాకు ఒకటే ఆలోచన. మన గుట్టల మీద అలాంటి దుప్పటి ఏదీ లేదు. మన వానంతా దాదాపు నాలుగు నెలల్లో పడుతుంది, చెలక దాన్ని పట్టి ఉంచలేదు. అందుకే కాకతీయులు గుట్ట గుట్ట కిందా కట్టలు పోసి నీళ్లు నిలిపారు. అక్కడ బూడిద చేసే పని ఇక్కడ చెరువు చేస్తోంది. గుట్ట మీద నుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టి అంతా ఆ చెరువు అడుగునే చేరుతుంది.

మా ఊళ్లో పదేళ్ల కింద ఒక కాంట్రాక్టర్ రోడ్డు కోసం గుట్ట అంచున మొరం తీశాడు. పైన ఉన్న ఎర్రమట్టిని, సీతాఫలం చెట్లతో సహా పక్కకు నెట్టేశాడు. ఆ వానాకాలం ఒక్క రాత్రి వానకు మా నాయిన మిరప చేను మీద జానెడు గరుసు పేరుకుంది. నాయిన దాన్ని పారతో ఎత్తిపోస్తూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ ఆ గుట్ట వైపు చూడబుద్ధి కాదు.

ఈ ఏప్రిల్‌లో చెరువు అడుగు తేలితే, అప్పుడు నాయిన మిరప వేసిన ఆ చెలకకే 30 ట్రాక్టర్ల చెరువు మట్టి తోలించాను. తోలేముందు పరీక్ష చేశాను. మీరూ చేయించండి, కొన్ని చెరువుల మట్టిలో చౌడు ఉంటుంది, అది చేనుకెక్కితే కష్టం. మట్టి కుప్పలు చూడ్డానికి అమ్మ వచ్చింది. ఒక గడ్డ చిదిమి, "ఇది మన గుట్ట మట్టే కదరా, కిందికి పోయింది మళ్ల మీదికి తెచ్చినవ్" అంది.

కంది వేస్తున్నాం. పక్క చెలకకు చెరువు మట్టి తోలలేదు. సెప్టెంబర్‌లో బెట్ట వచ్చినప్పుడు రెండు చోట్లా అడుగు లోతున తడి ఎంతుందో కొలిచి, అంకెలు ఇక్కడే పెడతాను.