రూము ఖాళీ చేసినవాడి కరెంటు బిల్లు

2024 మే నెలలో, కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో మేము నలుగురం కలిసి అద్దెకున్న ఫ్లాటు నుంచి పదకొండు రోజుల తేడాతో ఇద్దరు మిత్రులు ఖాళీ చేసి వెళ్లారు. నెల్లూరు మిత్రుడికి పుణెలో ఉద్యోగం రావడంతో 20వ తేదీ రాత్రి బస్సెక్కాడు. ఖమ్మం మిత్రుడు పెళ్లి కుదిరి 31న వేరే ఇల్లు చూసుకున్నాడు. కర్నూలు మిత్రుడూ నేనూ మిగిలాము. జూన్ 8న ఉదయం రీడింగు తీసే అబ్బాయి వచ్చి, కింద మీటర్ల బోర్డు ముందు నిలబడి, చేతిలోని మిషన్ నుంచి బిల్లు కాగితం చించి వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లాడు. మే 9 నుంచి జూన్ 7 దాకా ముప్పై రోజులకు 468 యూనిట్లు. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం వంటివి పక్కన పెడితే, కాల్చిన కరెంటుకే 3,336 రూపాయలు.

ఆ ఫ్లాటులో ప్రతి నెలా బిల్లు కట్టేది నేనే. యూపీఐలో సర్వీస్ నంబరు నా ఫోనులో భద్రపరిచి ఉండేది కాబట్టి ఆ పని నా మీద పడింది. కట్టేసి, నాలుగో వంతు లెక్కన అందరికీ సందేశం పెట్టడం, రెండు రోజుల్లో డబ్బులు రావడం అలవాటైపోయింది. ఈసారి మాత్రం నాలుగుతో భాగించడం కుదరదని కాగితం చూడగానే అర్థమైంది.

మొదట నాకు తోచిన పద్ధతి రోజుల లెక్క. నెల్లూరు మిత్రుడు ఆ బిల్లులో 12 రోజులు ఉన్నాడు, ఖమ్మం మిత్రుడు 23 రోజులు ఉన్నాడు, మిగిలిన ఇద్దరం ముప్పయ్యేసి రోజులు ఉన్నాము. మొత్తం కలిపితే 95 మనిషి దినాలు. 3,336ను 95తో భాగిస్తే రోజుకు మనిషికి 35 రూపాయల పైచిలుకు పడుతుంది. ఆ ప్రకారం నెల్లూరు మిత్రుడి వాటా 421, ఖమ్మం మిత్రుడిది 808, మా ఇద్దరివీ చెరి 1,053. పుణె నుంచి వెంటనే ఇంకో లెక్క వచ్చింది: నెల బిల్లులో నా నాలుగో వంతు 834, అందులో ముప్పయ్యింట పన్నెండు వంతులు 334, అంతకుమించి నేనెందుకు ఇవ్వాలి? తేడా 87 రూపాయలే. కానీ ఆ రెండు లెక్కల వెనుక ఉన్న వాదనలు మాత్రం పూర్తిగా వేరు. అతని లెక్కలో ఖాళీ అయిన మంచం ఖర్చు ఉండిపోయినవాళ్ల మీద పడుతుంది. నా లెక్కలో ఆ ఖర్చు వెళ్లినవాడికి కూడా కొంత అంటుకుంటుంది. ఫ్రిజ్, వైఫై రూటర్ వంటివి ఇంట్లో ఇద్దరున్నా నలుగురున్నా అంతే కాలుస్తాయి. ఫ్యాన్లు, వాషింగ్ మెషిన్, ఫోన్ల ఛార్జింగు మనిషిని బట్టి మారతాయి. అందువల్ల ఏ ఒక్క సూత్రమూ పూర్తి న్యాయం చేయదు.

ఇంతలో ఖమ్మం మిత్రుడు ఫోను చేశాడు. అతను లెక్కలేమీ చెప్పలేదు. "ఏందిరా, ఏసీ కింద పండుకున్నది మీరిద్దరు, మాకు దినాల లెక్క చెప్తున్నవా?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఏసీ ఉన్నది మా గదిలోనే. కర్నూలు మిత్రుడు దాన్ని రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొని బిగించాడు. పక్క గదిలో వాళ్లిద్దరూ ఎండాకాలమంతా కూలర్‌తోనే సరిపెట్టుకున్నారు. అంతకుముందు ఏడాది ఏప్రిల్, మే నెలల్లోనూ బిల్లును సమానంగానే పంచుకున్నాము, ఎవరూ నోరెత్తలేదు. కలిసి వండుకుని తింటున్నంతకాలం ఇలాంటి లెక్క ఎత్తడం చిన్నతనంగా అనిపిస్తుంది. సామాను ఆటోలోకి ఎక్కించాక అదే లెక్క న్యాయమైనదిగా కనిపిస్తుంది. ఖాళీ చేసేటప్పుడు వచ్చే తగాదాల్లో చాలావరకు ఆఖరి బిల్లు గురించి కావనీ, అంతకుముందు నెలల్లో మింగేసిన మాటల గురించనీ నాకు అప్పుడే తెలిసింది.

కర్నూలు మిత్రుడూ నేనూ కూర్చుని లెక్క మళ్లీ వేశాము. రాత్రికి ఏడెనిమిది గంటలు, గంటకు సుమారు ఒక యూనిట్ అనుకుంటే ఏసీ ఒక్కటే 230 యూనిట్ల దాకా కాల్చి ఉంటుందని ఇద్దరం ఒప్పుకున్నాము. మిగిలినవి 238. ఇక్కడ స్లాబుల సంగతి చూడాలి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలైన గృహ వినియోగ ధరల ప్రకారం వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200 యూనిట్లకు ఒక్కోదానికి 5.10 రూపాయల చొప్పున, 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆపైన 800 దాకా 9.50 చొప్పున పడుతుంది. ఏసీ లేకుంటే ఆ ఇంటి బిల్లు 1,313 రూపాయలతో ఆగేది. అంటే సగం కన్నా తక్కువ యూనిట్లు కాల్చిన ఏసీ, బిల్లులో ఐదింట మూడు వంతులు మింగిందన్నమాట. 1,313ను మళ్లీ రోజుల లెక్కన పంచితే నెల్లూరు మిత్రుడి వాటా 166, ఖమ్మం మిత్రుడిది 318. ఏసీ తాలూకు 2,023 రూపాయలు మా ఇద్దరివి. ఈ లెక్క పంపగానే ఇద్దరూ పది నిమిషాల్లో డబ్బు వేశారు. నేను మొదట 421 అడిగిన చోట చివరికి 166 తీసుకున్నానని రాయడానికి నాకిప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది.

స్లాబుల్లో ఇంకో మెలిక ఉంది. సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వంద యూనిట్లకు ఒక్కోదానికి 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున 820 రూపాయలతో సరిపోతుంది. 201 కాగానే ధరల పట్టీయే మారిపోయి 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల పైన. కొత్త రూమ్మేట్ నెల మధ్యలో దిగి, ఆ నెల బిల్లు 200 దాటితే, ఆ దాటించిన యూనిట్ ఎవరిదన్న వాదన తెమలదు. దాన్ని అందరూ పంచుకోవలసిందేనని నా అభిప్రాయం, ఎందుకంటే మీటరుకు మనుషుల పేర్లు తెలియవు.

చట్టం చూసేది కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. విద్యుత్ సంస్థకు సర్వీస్ నంబరే ముఖ్యం, అది ఇంటి యజమాని పేరున ఉంటుంది. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టకపోతే పదిహేను రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసిచ్చి సరఫరా నిలిపివేయవచ్చు; చీకట్లో కూర్చునేది అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లే తప్ప పుణె వెళ్లినవాడు కాదు. పాత యజమాని బాకీ తీర్చాకే కొత్త కనెక్షన్ ఇస్తామని విద్యుత్ సంస్థలు నిబంధనల మేరకు షరతు పెట్టవచ్చని 2023 మే 19న, కేరళ విద్యుత్ బోర్డుకు సంబంధించిన కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దెకున్నవాళ్ల మధ్య లెక్క అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందకు వస్తుంది. దాని 43వ సెక్షన్ ప్రకారం, కలిసి మాట ఇచ్చినవాళ్లలో ఎవరో ఒకరిని పట్టుకుని మొత్తం వసూలు చేసుకోవచ్చు. అలా కట్టినవాడు మిగిలినవాళ్ల నుంచి సమాన వాటాలు రాబట్టుకోవచ్చు. వాళ్లలో ఒకడు ఎగ్గొడితే ఆ నష్టాన్ని మిగతావాళ్లు సమానంగా భరించాలి. నూటయాభై ఏళ్ల కిందటి ఆ చివరి వాక్యాన్ని చదివినప్పుడు మా పాత రూముల్లో జరిగినవన్నీ గుర్తొచ్చాయి. వందల రూపాయల కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు కాబట్టి, ఎగ్గొట్టినవాడి వాటాను మిగిలినవాళ్లు తలా ఇంత వేసుకుని కట్టడమే నిజంగా జరిగేది.

వెళ్లినవాడి బిల్లు ఉన్నవాడి మీద పడటం నలుగురు కుర్రాళ్ల రూములోనే జరిగేది కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-15 నుంచి 2018-19 దాకా వాడిన కరెంటుకు ట్రూ అప్ ఛార్జీలను, అంటే విద్యుత్ సంస్థలు అప్పట్లో రాబట్టుకోలేకపోయిన ఖర్చును, 2022 ఆగస్టు నుంచి నెలనెలా బిల్లుల్లో కలిపారు. విజయవాడలో మా అక్కావాళ్లు 2021లో అద్దెకు దిగిన ఇంట్లో, 2016లో ఎవరో కాపురమున్న రోజుల నాటి యూనిట్లకు వీళ్లు డబ్బు కట్టవలసి వచ్చింది. ఇంటాయనను అడిగితే "బిల్లులో వచ్చింది కదమ్మా" అన్నాడట. తెలంగాణలో ఏసీడీ పేరుతో వచ్చే అదనపు వినియోగ డిపాజిట్ సంగతీ ఇంతే. అది పేరుకు తగ్గట్టే డిపాజిట్, సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో నిలిచి వడ్డీ పొందుతుంది. కానీ బిల్లు కాగితం మీద అచ్చవుతుంది కాబట్టి చాలా ఇళ్లలో అద్దెకున్నవాళ్లే కట్టేస్తారు, ఖాళీ చేసేటప్పుడు అడగడం మరచిపోతారు. ఈ మొత్తాన్ని అద్దెలో మినహాయించమని అప్పటికప్పుడే అడగాలి. అడ్వాన్స్ తిరిగి తీసుకునే రోజున అడిగితే పెయింటింగ్ లెక్కల్లో కలిసిపోతుంది.

అమెరికాలో ఉన్న మా తమ్ముడిది మరో రకం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు కలిసి ఉన్నప్పుడు కరెంటు ఖాతా వీడి పేరున తీసుకున్నారు. అక్కడ మీటరు యజమాని పేరున ఉండదు, అద్దెకున్నవాళ్లే కంపెనీని ఎంచుకుని తమ పేరున పెట్టించుకోవాలి. వీడు ఇల్లు మారినప్పుడు ఫలానా తేదీ నుంచి ఆపేయమని చెప్పడం మరచిపోతే, మిగిలిన ఇద్దరూ కాల్చిన కరెంటుకు బిల్లు వీడికే వచ్చింది. కట్టకపోతే వసూలు ఏజెన్సీకి వెళ్లి క్రెడిట్ స్కోరు దెబ్బతింటుందన్న భయంతో కట్టేశాడు. ఇక్కడ ఉండిపోయినవాడు మునుగుతాడు, అక్కడ పేరున్నవాడు మునుగుతాడు.

మా ఫ్లాటులో పేరుతో వచ్చే చిక్కులు గ్యాసుతోనూ, ఇంటర్నెట్‌తోనూ బయటపడ్డాయి. గ్యాసు కనెక్షన్ నెల్లూరు మిత్రుడి పేరున ఉండేది. జూన్ చివరలో సిలిండర్ తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి డెలివరీ కోడ్ చెప్పమన్నాడు. ఆ కోడ్ పుణెలో మీటింగులో ఉన్న మనిషి ఫోనుకు వెళ్లింది. నాలుగుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఆ అబ్బాయి సిలిండర్‌ను మళ్లీ భుజానికెత్తుకుని మూడంతస్తులు దిగి వెళ్లిపోయాడు, మేము రెండు రోజులు బయట తిన్నాము. ఇంటర్నెట్ కూడా అంతే, ఆరు నెలల ప్లానుకు ముందే డబ్బు కట్టి ఉన్నా ఫిర్యాదు చేయాలంటే ఓటీపీ అతనికే పోయేది. డబ్బు బాకీ తీరినంత సులభంగా పేరు బాకీ తీరదు.

ఆ తర్వాత మేము కొత్తగా దిగిన ఇద్దరితో పెద్ద ఒప్పందాలేవీ రాసుకోలేదు. ఏసీకి ఒక సబ్ మీటరు పెట్టించాము. ఎవరు దిగినా, ఎవరు ఖాళీ చేసినా ఆ రోజే కిందికి వెళ్లి మీటరు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలనుకున్నాము. ఆ అంకె ఉంటే రోజుల లెక్కతో పనే లేదు. వెళ్లినవాడు ఉన్నన్నాళ్లలో ఎన్ని యూనిట్లు కాలాయో అదే చెబుతుంది, ఖాళీ మంచం ఖర్చు తనంతట తాను ఉన్నవాళ్లకు మిగులుతుంది. అడ్వాన్స్ విషయంలో మాత్రం ఒకటి గట్టిగా అనుకున్నాము. మన రూముల్లో వెళ్లేవాడి అడ్వాన్స్ వాటాను యజమాని ఇవ్వడు, దిగేవాడు ఇస్తాడు. ఆ డబ్బు చేతులు మారే రోజున ఓ వెయ్యి రూపాయలు ఆపుకుని, తర్వాతి బిల్లు వచ్చాక మిగిలింది పంపాలి. ఆపడాన్ని ఎవరైనా అవమానంగా తీసుకుంటారేమోనని నేను భయపడ్డాను కానీ, అందరికీ ఒకే నియమం కావడంతో ఎవరూ ఏమీ అనుకోలేదు.

2025 ఆగస్టులో నేను కూడా ఆ ఫ్లాటు వదిలేశాను. సాయంత్రం వాన పడుతోంది, మీటర్ల బోర్డు దగ్గర బల్బు పోయింది. కర్నూలు మిత్రుడు ఫోను లైటు పట్టుకుంటే, మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ యూనిట్ల అంకె వచ్చేదాకా ఆగి ఫొటో తీశాను. నా వెయ్యిలో 388 తీసుకుని మిగిలింది రెండు వారాల తర్వాత పంపించారు. ఆ సర్వీసుకు నా ఫోను నంబరే ఇచ్చి ఉండటం వల్ల బిల్లు సందేశం ఇప్పటికీ నాకే వస్తోంది, మార్పించుకోమని రెండుసార్లు చెప్పాను. మొన్నటి సందేశంలో 203 యూనిట్లు అని ఉంది. గ్రూపులో పంపి ఊరుకున్నాను.