క్లిప్పు మీద రాగి తీగ

వైజాగ్ ఫిషింగ్ హార్బర్ జూన్ 14 రాత్రి ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పడం కష్టం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మరబోట్లన్నీ పక్కలు రాసుకుంటూ వరసగా కట్టేసి ఉంటాయి. ఆఖరి సాయంత్రం అన్నీ ఒకేసారి లేస్తాయి. ఐసు, డీజిలు, బియ్యం, నీళ్ల డ్రమ్ములు, సరంగుల (బోటు నడిపేవాళ్ల) కేకలు, కొబ్బరికాయలు. బోట్ల వరసల మధ్య మిగిలిన నీటి సందుల్లో చిన్న ఫైబర్ బోట్లు, తెడ్డు తెప్పలు మనుషుల్నీ సామాన్నీ చేరవేస్తూ తిరుగుతుంటాయి.

నేను అవుట్‌బోర్డ్ ఇంజన్ (చిన్న బోట్ల వెనక తగిలించే ఇంజన్) మెకానిక్‌ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. 2025 జూన్ 14న రాత్రి ఏడున్నరకి జరిగింది రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను, రాయలేక లేచిపోయాను.

మా బాబాయి తెడ్డు తెప్ప మీద ఒక బోటుకి భోజనం క్యారేజీలు పట్టుకెళ్తున్నాడు. ఒక మరబోటు వెనక నుంచి ఫైబర్ బోటు ఆ సందులోకి తిరిగింది. నడుపుతున్నది పద్దెనిమిదేళ్ల కుర్రాడు, మా అక్క తోటికోడలి కొడుకు. బోటు ముందు భాగంలో చేపల ట్రేలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వెనక కూర్చుని ఇంజన్ పట్టుకున్నవాడికి ఆ ట్రేలు తప్ప ఏమీ కనిపించవు. బాబాయి దగ్గర టార్చి ఉంది, కానీ ఒళ్లో ఉంది. వెలిగించేలోపే గుద్దేసింది.

తెప్ప తిరగబడింది. బాబాయి చెయ్యి తెప్పకీ మరబోటు చెక్కకీ మధ్య పడి రెండు వేళ్లు నలిగిపోయాయి. కుర్రాడు కూడా నీళ్లలో పడ్డాడు. అసలు భయం అప్పుడు మొదలైంది. పట్టుకున్న చెయ్యి వదిలేస్తే అవుట్‌బోర్డ్ ఇంజన్ తిన్నగా ఉండదు, ఒక పక్కకి తిరిగిపోతుంది. బోటు గుండ్రంగా తిరుగుతూ పడినవాడి మీదికే వస్తుంది. ఇంజన్ అదే రైజ్‌లో ఉంది, బోటులో మనిషి లేడు, నీళ్లలో ఇద్దరున్నారు. రెండు చుట్లు తిరిగింది. ప్రొపెల్లరు బాబాయి కాళ్లకి ఎంత దగ్గరగా పోయిందో జెట్టీ మీద ఉన్న నాకు కనిపించింది. మూడోసారి అది ఒక మరబోటు పక్కకి ఆనుకుని తోస్తూ ఉండిపోయింది. పైనుంచి ఒక కళాసీ దూకి స్టాప్ బటన్ నొక్కాడు.

బాబాయిని హాస్పిటల్‌కి పంపించి, ఆ ఇంజన్ దగ్గరికి వెళ్లి టార్చి వేసి చూశాను. స్టాప్ బటన్ దగ్గర ఎర్ర క్లిప్పు, దాని మీద నాలుగు చుట్లు రాగి తీగ. ఆ ముడి నాదే. తీగని ఎడమవైపుకి మెలిపెట్టి, ఎవరికీ గుచ్చుకోకుండా కొసని లోపలికి వంచడం నా అలవాటు.

ఆ క్లిప్పుకి ఎర్రటి స్ప్రింగు తాడు ఉంటుంది. రెండో కొస నడిపేవాడు ఒంటికి తగిలించుకోవాలి. మనిషి పడితే తాడు లాగుతుంది, క్లిప్పు ఊడుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. కానీ వల లాగేటప్పుడు తాడు దేనికో తగులుకుని ఇంజన్ ఆగిపోతూ ఉంటుంది. "ఏటి బావా, మాటిమాటికీ ఆగిపోతంది, కట్టేయ్ దాన్ని" అంటారు. క్లిప్పు ఊడకుండా తీగతో కట్టేసేవాణ్ణి. అలా ఎన్ని ఇంజన్లకి కట్టానో లెక్క లేదు.

తర్వాత ఈ తాడు గురించి దొరికినదల్లా చదివాను. 2013 మేలో ఇంగ్లండ్‌లో ప్యాడ్‌స్టో దగ్గర ఒక స్పీడ్ బోటు నుంచి ఒకే కుటుంబంలో ఆరుగురూ నీళ్లలో పడిపోయారు. తాడు ఎవరికీ తగిలించి లేదు. బోటు తిరిగి తిరిగి వాళ్ల మీదికే వచ్చింది. తండ్రీ, ఎనిమిదేళ్ల కూతురూ చనిపోయారు. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు మోటారు బోట్లు స్పీడుగా నడిపేటప్పుడు ఈ తాడు తగిలించుకోవాలని చట్టం తెచ్చారు.

కుర్రాడు ఇప్పటికీ "నెమ్మదిగానే వచ్చాను మావయ్యా" అంటాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడు నెమ్మది అనుకునే ఎనిమిది నాట్లంటే (పడవల వేగాన్ని నాట్లలో కొలుస్తారు) గంటకి 15 కిలోమీటర్లు, రోడ్డు మీద సైకిలు వేగం. కానీ అది సెకనుకి నాలుగు మీటర్లు. ఎనిమిది మీటర్ల దూరంలో తెప్ప కనిపిస్తే చేతిలో ఉన్నది రెండు సెకన్లు. బోటుకి బ్రేకు లేదు, రైజ్ తగ్గించినా సామాను బరువుతో ముందుకే జారుతుంది. సగం వేగంతో వస్తే నాలుగు సెకన్లు దొరికేవి. అయినా గుద్దుకుంటే దెబ్బలో ఉండే బలం నాలుగో వంతే. ఓడలూ పడవలూ ఢీకొనకుండా 1972లో పెట్టిన అంతర్జాతీయ నిబంధనల్లో ఆరోది సురక్షిత వేగం గురించే. అందులో ఇన్ని నాట్లు అని అంకె ఏమీ ఇవ్వలేదు. ఎంత దూరం కనిపిస్తోంది, చుట్టూ ఎన్ని పడవలున్నాయి, ఎంతలో ఆగగలవు, ఇవి చూసి వేగం ఎంచుకోమంది. అదే నిబంధనల్లో తెడ్డు పడవవాడు కూడా టార్చి చేతికి అందేలా పెట్టుకుని, ముందుగానే చూపించాలని ఉంది. ఇది బాబాయికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఇంకో మాట చెప్పాలి. రిపేరు చేసిన ఇంజన్‌ని ఫుల్ రైజ్‌లో ట్రయల్ చూడటం నా పనిలో భాగం, దాన్ని హార్బర్ లోపలే చేసేవాణ్ణి. 2024 డిసెంబర్ 18న ముంబయిలో ఎలిఫెంటాకి వెళ్తున్న నీల్ కమల్ ఫెర్రీని ఇంజన్ ట్రయల్‌లో ఉన్న నేవీ స్పీడ్ బోటు అదుపు తప్పి గుద్దింది, 15 మంది పోయారు. ఆ వీడియో షాపులో అందరం చూశాం. చూసిన మర్నాడు కూడా నేను లోపలే ట్రయల్ చూశాను. అది నేవీ బోటు, మనది చిన్న ఇంజన్ కదా అనుకున్నాను. ఇప్పుడు ట్రయల్‌కి హార్బర్ దాటి బయట ఖాళీ నీళ్లలోకి వెళ్తున్నాను. ఒక గంట టైము పోతుంది, అంతే.

ఈ నిషేధంలో సర్వీసుకి వచ్చిన ప్రతి ఇంజన్‌కీ ముందు క్లిప్పు చూస్తున్నాను. తీగ ఉంటే కోసేస్తున్నాను. కొందరు గొడవపడ్డారు, ఇద్దరు వేరే షాపుకి వెళ్లిపోయారు. ఆ కుర్రాడు తన ఇంజన్ తనే మోసుకుని వచ్చాడు. తాడు మరీ పొట్టిగా ఉందన్నాడు. ఇంకాస్త పొడుగుది ఇచ్చాను, తొడ దగ్గర కట్టుకుంటే వలకి తగలదని చూపించాను. ట్రేలు ఎత్తుగా పేర్చినప్పుడు ముందు ఒకణ్ణి నిలబెట్టుకోమన్నాను. సరేనన్నాడు.

పెట్టెలో ఇంకా తాళ్లున్నాయి. జూన్ 14న సాయంత్రం నుంచి జెట్టీ దగ్గరే ఉంటాను. లేనివాళ్లు వచ్చి పట్టుకెళ్లండి, డబ్బులు వేట నుంచి వచ్చాక ఇద్దురు గాని.