జీరో బిల్లుకు అడ్డొచ్చిన గీజర్: నా అనుభవం

చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోతాయి, కూలర్ అటకెక్కుతుంది. లెక్క ప్రకారం కరెంట్ బిల్లు తగ్గాలి. మా ఇంట్లో మాత్రం కార్తీకం వెళ్లగానే యూనిట్లు పెరగడం మొదలవుతుంది. డిసెంబర్ బిల్లులో ఏకంగా 226 వచ్చాయి. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లలో రెండు వందల గీత అంటే ఏంటో అందరికీ తెలుసు. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు రెండు వందల యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది కదా, ఆ గీత దాటిన నెలలో ఎక్కువైన యూనిట్లకు మాత్రమే కడతామంటే కుదరదు, మొత్తం కట్టాల్సిందే. మొదటి రెండు వందలకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసలు. డ్యూటీ, మిగతా చార్జీలు కలిపి పన్నెండు వందలు దాటింది. ఇరవై ఆరు యూనిట్లకు పన్నెండు వందలు!

అనుమానమంతా గీజర్ మీదే. నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు సొంతిల్లు మాది, బోరు నీళ్లే ఎక్కువ వాడతాం. బాత్రూంలో 25 లీటర్ల గీజర్ ఉంది, రెండు వేల వాట్లది. అత్తమ్మకు కీళ్ల నొప్పులు. చలికాలం చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి, అందుకని ఆమెకు పొద్దంతా ఉడుకు నీళ్లు అందుబాటులో ఉండాలి. దానికి తోడు మామయ్యది ఒక సిద్ధాంతం: ఆపి మళ్లీ వేస్తే నీళ్లు మొదటి నుంచి కాగాలి, దానికే కరెంట్ ఎక్కువ కాలుతుంది, వేసి ఉంచితే అదే కాగి అదే ఆగుతుంది. ఈ మాట మా వాడకట్టులో చాలామంది నోట విన్నాను.

అసలు స్నానాలకు ఎంత కావాలో ముందు కాగితం మీద చూసుకున్నాను. ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున 20 డిగ్రీలు ఉంటాయనుకుందాం. 20 లీటర్ల బకెట్‌ను 40 డిగ్రీలకు తేవడానికి అర యూనిట్ కన్నా కొంచెం తక్కువే పడుతుంది. నలుగురం కాబట్టి రోజుకు రెండు యూనిట్ల లోపు, నెలకు అరవై లోపు. ఆ అరవై తప్పించుకోలేనివి. అంతకు మించి గీజర్ లాగేదంతా దండగే.

దండగ ఎంతో తేల్చడానికి మీటరే చాలు, వేరే పరికరం అక్కర్లేదు. ఆదివారం అందరి స్నానాలూ అయ్యాక నీళ్లు పూర్తిగా కాగనిచ్చి, ఫ్రిజ్‌తో సహా అన్నీ బంద్ చేసి గీజర్ ఎంసీబీ (బోర్డులో దాని ట్రిప్ స్విచ్) ఒక్కటే ఉంచాను. వేడి నీళ్ల నల్లా ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో ఆర్డర్. మా మీటరు మీద యూనిట్‌కు 3200 అని ఉంటుంది, అంటే ఎర్ర లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. గీజర్ నడుస్తున్నప్పుడు అది సెకనుకు దాదాపు రెండుసార్లు కొట్టుకుంటుంది, నీళ్లు కాగాక థర్మోస్టాట్ కరెంట్ ఆపగానే చీకటి. పది గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకా చుక్క నీళ్లు వాడకపోయినా ఆ లైటు మధ్యమధ్యలో లేస్తూనే ఉంది. సాయంత్రానికి అర యూనిట్ పైనే పోయింది. రోజు మొత్తానికి లెక్కేస్తే రెండు యూనిట్లు. స్నానాలకు ఎంతో, ఊరికే గోడకు వేలాడుతున్నందుకూ అంతే! మంచి గీజర్ కూడా కొంత వేడి పోగొట్టుకుంటుంది గానీ మరీ ఇంత కాదు.

ఎక్కడ పోతోందో చేత్తో తడిమి చూస్తే తెలిసిపోయింది. గీజర్ కిందికి రెండు పైపులు వస్తాయి, చన్నీళ్లు లోపలికి పోయేది ఒకటి, వేడివి బయటికొచ్చేది ఇంకొకటి. వేడి పైపు వెచ్చగా ఉందంటే అర్థముంది. చన్నీళ్ల పైపు కూడా గోడలోకి పోయేదాకా వెచ్చగా ఉంది. పక్కనున్న చన్నీళ్ల నల్లా తిప్పితే మొదటి చెంబెడు గోరువెచ్చగా వచ్చి, ఆ తర్వాతే చల్లబడ్డాయి. చన్నీళ్లు వచ్చే దగ్గర ఇత్తడి సేఫ్టీ వాల్వ్ ఒకటి ఉంటుంది. ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు బయటికి వదలడం, లోపలి నీళ్లను వెనక్కి పోనివ్వకపోవడం, రెండూ దాని పనే. మాదాంట్లో రెండో పని జరగట్లేదు. కాగి ఉబ్బిన నీళ్లు వెనక్కి చన్నీళ్ల లైన్లోకి ఎక్కుతున్నాయి. పైగా వేడి, చన్నీళ్లు కలిపే మిక్సర్ నల్లా వేడి వైపు నుంచి చుక్కా చుక్కా కారుతూ ఉంది, దాన్ని అందరం చూసీ చూడనట్టు వదిలేశాం.

మెకానిక్ కోసం మళ్లీ పెద్ద కథ. సంక్రాంతి ముందు గీజర్ మెకానిక్‌లు దొరకడమంటే మాటలు కాదు. ‘సంక్రాంతికి చంకలెత్తనివ్వదు’ అంటారు చూడండి, అందరి గీజర్లకూ ఆ రోజుల్లోనే రోగాలొస్తాయి. ఒకతను రేపు, ఎల్లుండి అని తిప్పించుకున్నాడు. చివరికి దొరికిన పిల్లగాడు మాత్రం పనిమంతుడు. ఎంసీబీ తీసేసి, టెస్టర్ పెట్టి చూసుకుని గానీ మూత ముట్టుకోలేదు. నీళ్లు బకెట్లోకి వదిలితే చివరి రెండు మగ్గులూ సున్నం తేటలా తెల్లగా వచ్చాయి. అడుగు ప్లేటు విప్పి కాయిల్ బయటికి లాగాడు. వేలు లావు ఉండాల్సిన రాడ్ మీద తెల్లటి గార మందంగా పట్టి ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే గుడ్డు పెంకుల్లాగా రాలింది. ట్యాంకు లోపల చెయ్యి పెట్టి పిడికిళ్లతో తోడాడు.

“అక్కా, గీ సున్నం వల్లనే మీకు కరెంట్ గంత కాలుతున్నది” అన్నాడు.

అందరూ అనే మాటే. నాకు మాత్రం మింగుడు పడలేదు. రెండు వేల వాట్ల కాయిల్‌కు సున్నం పట్టినా పట్టకపోయినా లాగేది రెండు వేల వాట్లే. అది నీళ్ల మధ్యలో మునిగి ఉంటుంది కాబట్టి ఆలస్యంగానైనా ఆ వేడి నీళ్లలోకే చేరాలి. పొయ్యి మీద కాగుకు గార కడితే మంట వేడి పక్కల నుంచి గాల్లోకి పోతుంది, కట్టెలు ఎక్కువ పడతాయి. ఆ అనుభవంతోనే గీజర్‌కూ అదే లెక్క వేస్తారనుకుంటా. సున్నం చేసే నష్టం వేరే. కాయిల్ తన వేడి నీళ్లకు వదల్లేక లోలోపలే మాడి ముందుగానే కాలిపోతుంది. థర్మోస్టాట్ గొట్టం చుట్టూ పేరుకుంటే లోపలి వేడి దానికి సరిగ్గా తెలియదు, ఆగాల్సిన చోట ఆగదు. రాలిన రవ్వ ఒకటి వాల్వ్‌లో ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, నల్లా వాచర్‌ను గీస్తే నల్లా కారుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. పాత వాల్వ్ విప్పి చూపిస్తే రబ్బరు బిళ్ల పక్కన తెల్ల రవ్వ కళ్లముందే కనిపించింది. కరెంట్ తిన్నది సున్నం చెడగొట్టిన యాభై, వంద రూపాయల సామాన్లు.

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో తయారు చేసిన పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు. ఆ తెల్ల గారను చూసి అత్తమ్మ కూడా “గదే ఫ్లోరైడ్, మన ఎముకలల్ల గిట్లనే పడ్తది” అంది. ఇది అది కాదు. బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడికి విడిపోయి గడ్డకట్టినదే ఈ గార. ఫ్లోరైడ్ కాచినా పోదు, కంటికీ కనబడదు. మున్సిపల్ నల్లాకు పానగల్ ఉదయసముద్రం నుంచి వచ్చే కృష్ణా నీళ్లలో ఇంత ఉప్పు ఉండదు. గీజర్‌కు ఆ లైను కలపమంటే ప్లంబర్ వేరే ట్యాంకు, వేరే పైపు అన్నాడు, ఆ ముచ్చట వాయిదా వేశాం.

కాయిల్ కడగడానికి అతను బాత్రూం యాసిడ్ తీయబోతే వద్దన్నాను. అది సున్నంతో పాటు రాగి పైపునూ తింటుంది. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తెప్పించి, వేడి నీళ్లలో కలిపి కాయిల్ ముంచాం. బుసబుసా పొంగుతూ అతను టీ తాగేలోపు చాలావరకు వదిలింది. ట్యాంకులో ఉండే మెగ్నీషియం రాడ్‌కు మధ్యలో తీగ మాత్రమే మిగిలింది. ఉప్పు నీళ్లు ట్యాంకు ఇనుమును తినకుండా ముందు తాను కరిగిపోవడమే దాని పని, కరిగాక కొత్తది వేయకపోతే తర్వాత వంతు ట్యాంకుది. అదీ, గ్యాస్కెట్, వాల్వ్, మిక్సర్ వాచర్లు, కూలి అన్నీ కలిపినా ఆ డిసెంబర్ బిల్లుకు అటూ ఇటూగా తేలింది. బిగించాక వేడి నల్లా తిప్పి పెట్టి, గాలి పోయి నీళ్లు ఆగకుండా ధారగా వచ్చేదాకా ఎంసీబీ వేయనివ్వలేదు అతను. ఖాళీ ట్యాంకులో కాయిల్ ఎర్రబడితే నిమిషాల్లో ఖతం. కొత్త వాల్వ్ కాగేటప్పుడు కాస్త చుక్కలు వదులుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఈ ట్యాంకు నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు కాగితే గ్లాసున్నర దాకా ఉబ్బుతాయి, అవి ఎటో ఒకటు పోవాలి. కాగడం ఆగాక కూడా కారుతూనే ఉంటే మాత్రం చూపించాలి.

బిగించినప్పటి నుంచి థర్మోస్టాట్ 75 మీద ఉంది. దాన్ని 60కి దించాం. పొద్దున వేస్తే ముప్పావు గంటలోపు కాగి ఆగుతుంది, అప్పుడు స్విచ్ బంద్. 60 డిగ్రీల నీళ్లు ట్యాంకెడు ఉంటే చన్నీళ్లు కలుపుకుని రెండున్నర బకెట్లు వస్తాయి. ఇక్కడ బోరు మాకు కలిసొచ్చింది. రాత్రంతా డాబా మీద ట్యాంకులో చల్లబడిన నీళ్లు వేరు, అప్పుడే భూమిలోంచి వచ్చిన నీళ్లు వేరు. తెల్లవారి మోటారు వేస్తే నీళ్ల మీద ఆవిరి లేస్తుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతాయి. సాయంత్రం వేసే మోటారును పొద్దునకు మార్చి, బకెట్లో సగానికి పైగా ఆ నీళ్లే పట్టుకుని పైన గీజర్ నీళ్లు కలుపుతున్నాం. అదే ట్యాంకు మూడు బకెట్లకు సరిపోతోంది. నాలుగో బకెట్ కోసం ఇంకాసేపు వేస్తాం. పగలు అత్తమ్మ చేతులకు పెద్ద ఫ్లాస్క్ నిండా నీళ్లు పోసి పెడుతున్నాను. మొదట సణిగింది, ఇప్పుడు ఫ్లాస్క్ తన మంచం దగ్గరే ఉంటుంది.

మరమ్మతు తర్వాత పూర్తి నెల బిల్లు 171 యూనిట్లు, కట్టాల్సింది సున్నా. మామయ్య కాగితం చూసి “చలి తగ్గింది కదా” అన్నారు.

బోరు నీళ్లు కాబట్టి ఏటా దసరా తర్వాత, మెకానిక్‌లకు పనులు తక్కువున్నప్పుడే ఒకసారి విప్పించమని ఆ పిల్లగాడు చెప్పాడు. మామయ్య దృష్టి ఇప్పుడు సోలార్ వాటర్ హీటర్ మీదికి మళ్లింది. మా నీళ్లకు సన్న రాగి పైపుల పలకల రకం పనికిరాదు, గారతో మూసుకుపోతుంది. గాజు ట్యూబులది నయం, కాకపోతే ట్యూబుల అడుగున చేరే గారను అప్పుడప్పుడు కడగాలి. ట్యూబు కొసన వెండిలా మెరిసే భాగం తెల్లబడితే లోపలికి గాలి పోయిందని అర్థం, ఆ ట్యూబు మార్చాలి. ఇవన్నీ చేసుకోవచ్చు. మా వాడకట్టులో కోతుల గుంపు తిరుగుతుంది, డిష్ యాంటెన్నానే వంచేశాయి. గాజు ట్యూబుల చుట్టూ నీడ పడకుండా జాలీ కట్టేవాళ్లు దొరికితే గానీ డబ్బులు తీయనని చెప్పాను.