చిన్న ట్రాక్టరుకు దుంగలు చీల్చే మిషను: టన్నులకన్నా ముందు ఆయిలు లెక్క

మా కోనసీమలో దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసిన దగ్గర నుంచి సార్వా (ఖరీఫ్ వరి) దమ్ములు మొదలయ్యే వరకు చిన్న ట్రాక్టరుకు పెద్దగా పని ఉండదు. పెళ్ళిళ్ళ గాడిపొయ్యిలకు కట్టెలు కావలసినదీ ఆ కాలంలోనే. గాలివానకు పడిపోయిన మామిడినో, నిద్రగన్నేరునో మోటారు రంపంతో దుంగలుగా కోయించడం ఒక పూటలో అయిపోతుంది గాని, ఆ దుంగలను గొడ్డలితో చీల్చే మనుషులు దొరకడం కష్టంగా ఉంది. అందుకే ట్రాక్టరు వెనుక తగిలించుకుని ఆయిలు ఒత్తిడితో దుంగలు చీల్చే హైడ్రాలిక్ మిషను కొనదలచిన రైతులకు ఉపయోగపడుతుందని ఈ విషయాలు రాస్తున్నాను.

మిషను చూడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఇది ఎన్ని టన్నులది?" అని. చిన్న ట్రాక్టరు ఉన్నవారు అంతకన్నా ముందు అడగవలసినది, ఆ మిషనుకు నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిలు అందుతుందని. జాకీ (ఆయిలు ఒత్తిడికి పిస్టన్ కదిలే సిలిండరు) లోపలి వ్యాసం నాలుగు అంగుళాలు, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు అనుకుంటే, పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 180 బార్ల ఒత్తిడి పడితే దాదాపు 14 టన్నుల తోపు వస్తుంది. అదే ఐదు అంగుళాల జాకీ అయితే 22 టన్నులు దాటుతుంది. కాగితం మీద రెండోదే మేలుగా కనిపిస్తుంది. కాని ట్రాక్టరు నిమిషానికి 20 లీటర్లు మాత్రమే ఇస్తున్నప్పుడు, రెండడుగుల దుంగను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తొయ్యడానికి నాలుగు అంగుళాల జాకీకి 14 సెకన్లు పడితే, ఐదు అంగుళాల జాకీకి 22 సెకన్లు పడుతుంది. వెనక్కి వచ్చే సమయం దీనికి అదనం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేసేటప్పుడు ఈ తేడా ట్రక్కు (ట్రాక్టరు ట్రాలీ) నిండడంలో స్పష్టంగా తెలుస్తుంది. నా అభిప్రాయంలో 25 హెచ్‌పీ లోపు ట్రాక్టరుకు నాలుగు అంగుళాల జాకీయే సరైనది.

ఇక ఆయిలు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం. చాలా చిన్న ట్రాక్టర్లకు వెనుక ఉండే ఆయిలు పాయింటు టిప్పర్ ట్రక్కును ఎత్తడానికి ఉద్దేశించినది. అది ఒక వైపే తోస్తుంది. ట్రక్కు తన బరువుతో తానే దిగుతుంది. చీల్చే మిషను జాకీని ఆయిలే ముందుకు తొయ్యాలి, ఆయిలే వెనక్కి లాగాలి కనుక, రెండు వైపులా పని చేసే వాల్వు లేకుండా ఆ పాయింటుకు తగిలించి ప్రయోజనం లేదు. అంతేకాక, అనేక ట్రాక్టర్లలో లిఫ్టుకూ గేరుబాక్సుకూ ఆయిలు ఒక్కటే. మన డెల్టాలో దమ్ము చేసిన ట్రాక్టరు నీళ్ళలో, బురదలో తిరిగి వచ్చినదై ఉంటుంది. సీళ్ళు అరిగి లోపలికి నీరు చేరితే ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడుతుంది. అటువంటి ఆయిలును కొత్త జాకీలోకి పంపడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

కాబట్టి పీటీఓ షాఫ్టుతో (ట్రాక్టరు వెనుక నుంచి ఇంజను శక్తిని బయటికి ఇచ్చే ఇరుసుతో) తిరిగే సొంత పంపు, సొంత ఆయిలు ట్యాంకు ఉన్న మిషనునే ఎంచుకోమంటాను. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. మధ్యలో ఒకటికి మూడు పెంచే చిన్న గేరుబాక్సు ఉంటే పంపు 1620 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు 25 సీసీ ఇచ్చే పంపుతో నిమిషానికి 40 లీటర్లు వస్తాయి, ఇంతకు ముందు చెప్పిన 14 సెకన్లు ఏడు సెకన్లవుతాయి. అయితే 40 లీటర్లను 180 బార్ల దగ్గర తొయ్యడానికి దాదాపు 16 హెచ్‌పీ కావాలి. ఇది 24 హెచ్‌పీ ట్రాక్టరు మోయగలదు; 18 హెచ్‌పీ ట్రాక్టరుకు 25 లీటర్ల పంపు చాలు. ట్యాంకు కనీసం పంపు ఒక నిమిషంలో ఇచ్చే ఆయిలుకు రెండింతలు పట్టేదై ఉండాలి. మే నెల ఎండలో చిన్న ట్యాంకులో ఆయిలు కాగిపోయి పలచబడుతుంది, తోపు తగ్గుతుంది. మన వేడికి 68 గ్రేడు ఆయిలు మంచిది.

నిలువు మిషనా, అడ్డం మిషనా అన్నది నేలను బట్టి ఉంటుంది. నిలువుగా పని చేసేదానిలో బరువైన దుంగను ఎత్తనవసరం లేదు, దొర్లిస్తే చాలు. కాని తడిసిన రేగడి నేలలో దాని అడుగు పలక కూరుకుపోతుంది. సిమెంటు కల్లం ఉన్నవారికి నిలువుది, తోటలోనే పని చేసేవారికి అడ్డంది. ఆయిలుతో సహా మిషను బరువును ట్రాక్టరు లిఫ్టు సామర్థ్యంతో పోల్చి చూడాలి. పుంతలో గోతులు దాటేటప్పుడు ముందు చక్రాలు తేలిపోకుండా ముందు బరువులు కట్టుకోవాలి.

మరమేకులా తిరుగుతూ దుంగలోకి దిగే శంకువు రకం మిషను చవకగా వస్తుంది. దానిని కొనవద్దని గట్టిగా చెబుతున్నాను. అది తిరుగుతూనే ఉంటుంది. లుంగీ అంచు గాని, మెడలోని తువ్వాలు గాని చుట్టుకుంటే ట్రాక్టరు ఆపే లోపలే ప్రాణం పోతుంది. హైడ్రాలిక్ మిషనులో కూడా రెండు చేతులూ రెండు లీవర్ల మీద ఉంటేనే జాకీ కదిలే ఏర్పాటు అడగండి. ఐరోపా ప్రమాణాలు దీనిని తప్పనిసరి చేశాయి.

కలప స్వభావం కూడా చూసుకోవాలి. సరుగుడు బరువైనదే అయినా నార తిన్నగా ఉంటుంది, పచ్చిగా ఉండగా చీలిస్తే చప్పున రెండుగా విడిపోతుంది. చింత, వేప, నిద్రగన్నేరుల నార ఒకదానిలో ఒకటి మెలివేసుకుని ఉంటుంది. బ్లేడు సగం దిగినా రెండు ముక్కలూ ఒకదాన్నొకటి వదలవు. వీటికి ఒకేసారి నాలుగు ముక్కలు చేసే బ్లేడు పనికిరాదు, సన్నగా మొదలై వెనుక వెడల్పయ్యే ఒంటి బ్లేడు కావాలి. కొబ్బరి మొద్దు కోసం మాత్రం ఈ ఖర్చు పెట్టవద్దు. దాని పైభాగం గట్టిది, లోపలిది మెత్తని నార. బ్లేడు దిగినా నారలు పట్టుకుని వేలాడతాయి.

మన ప్రాంతంలో ఇటువంటి మిషన్లను ట్రక్కులు తయారుచేసే వర్క్‌షాపులలో చేయించుకోవచ్చు. పాత పొక్లెయిన్ నుంచి తీసిన పంపు పెడతామంటే, ఆయిలు బాగా వేడెక్కేదాకా నడిపించి చూశాకే ఒప్పుకోండి; అరిగిన పంపు చల్లగా ఉన్నప్పుడు బాగానే తోస్తుంది. ప్రెషరు మీటరు, ఒత్తిడి మితి మీరితే ఆయిలును వదిలేసే రిలీఫ్ వాల్వు, పీటీఓ షాఫ్టుకు ప్లాస్టిక్ కవరు తప్పక ఉండాలి. గొట్టం కారుతున్నదేమో చేతితో తడిమి చూడవద్దు, ఆ ఒత్తిడికి సూదిమొనంత ధార కూడా చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. వర్క్‌షాపువారు చూపించే తిన్నని సరుగుడు ముక్క కాకుండా, మీ ఇంటి దగ్గర నుంచి ముడులున్న చింత దుంగ ఒకటి తీసుకువెళ్ళి దానిని చీల్చమనండి. మీటరు 180 దాకా చేరుతున్నదని చూసుకుని, దుంగ కూడా విడిపోతేనే మిగతా డబ్బు చెల్లించండి.