వెల్లకిలా తేలాలంటే ముందు చెవులు ముంచాలి

ఈత అనగానే అందరూ చేతులు ఎలా వేయాలి, కాళ్లు ఎలా ఆడించాలి అనే దగ్గరే మొదలుపెడతారు. నన్నడిగితే వాటికంటే ముందు వెల్లకిలా తేలడం రావాలి. గట్టు ఇంకా దూరంగా ఉండి చేతులు అలసిపోయినప్పుడు, ఒంట్లో ఓపిక ఖర్చు కాకుండా ఊపిరి తీసుకోనిచ్చేది అదే కదా.

అసలు చిక్కంతా తల దగ్గరే. వెనక్కి వాలగానే ఎవరికైనా తల పైకెత్తి కాళ్లెక్కడున్నాయో చూసుకోవాలనిపిస్తుంది. తల బరువు నాలుగైదు కిలోలుంటుంది, అది నీళ్లలో ఉన్నంతసేపూ నీళ్లే మోస్తాయి, పైకెత్తామంటే ఆ బరువు మొత్తం ఒంటి మీద పడి ముందు నడుము కుంగుతుంది, దాని వెనకే కాళ్లు. అందుకే చెవులు రెండూ మునిగేదాకా తల వదిలేయాలి, గడ్డం కాస్త పైకి, చూపు నేరుగా పైకి. చెవుల్లోకి నీళ్లు రాగానే బయటి చప్పుళ్లు ఆగిపోయి మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుంది, మొదట్లో చాలామందికి టెన్షన్ వచ్చేది అక్కడే, కాసేపు ఓర్చుకుంటే అలవాటైపోతుంది. (కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.)

ఇక ఊపిరి. ఛాతీ నిండా గాలి ఉంటే మనలో చాలామంది నీళ్లకంటే కొంచెం తేలిక, మొత్తం వదిలేస్తే కొంచెం బరువు. తేడా అంత తక్కువ కాబట్టే ఊపిరి తీసుకునే పద్ధతి ముఖ్యం: నిండా పీల్చి, ఒక్క క్షణం ఆపి, కొద్దిగా వదిలి, వెంటనే మళ్లీ నింపుకోవాలి. లీటరు మంచినీళ్లు 1000 గ్రాములైతే సముద్రపు నీళ్లు సుమారు 1025 గ్రాములు, అందుకే సముద్రంలో తేలడం ఇంకాస్త సులువు.

కాళ్లు కిందికి దిగిపోతున్నాయని దిగులు పడేవాళ్లకి ఒక మాట. గాలి ఉండేది ఛాతీలో, ఒంటి బరువు కేంద్రం ఉండేది దానికంటే కింద, నడుము దగ్గర, కాబట్టి కాళ్లు దిగడం సహజం, సన్నగా కండపట్టి ఉన్నవాళ్లకి మరీనూ. చేతులు తల వెనక్కి చాచి, మోకాళ్లు కొంచెం మడిస్తే బరువు ఛాతీ వైపు జరుగుతుంది, కాళ్లు కొంత పైకొస్తాయి. పూర్తిగా రాకపోయినా నష్టం లేదు, మొహం పైన ఉంటే చాలు.

నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద విషయం, చాలా చోట్ల చెప్పనిది, మళ్లీ నిలబడటం. తేలుతున్నవాళ్లు ఒళ్లంతా బిగించేది మునుగుతామని మాత్రమే కాదు, ఎలా లేవాలో తెలియక కూడా. ఛాతీ లోతు నీళ్లలో, పక్కన ఈత వచ్చిన మనిషిని పెట్టుకుని ముందు ఇదే ప్రాక్టీస్ చేయండి: మోకాళ్లు పొట్ట దగ్గరికి లాక్కుంటూ, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులతో నీళ్లను వెనక నుంచి ముందుకి నెట్టాలి, నడుము కిందికి తిరుగుతుంది, అప్పుడు పాదాలు ఆనించాలి. మొహం మునిగితే ముక్కుతో గాలి వదలాలి. ఇది చేతనయ్యాక వీపు కింద పట్టుకున్న మనిషి చెయ్యి తీసేసినా మెడ బిగుసుకోదు.

చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఎగఊపిరి ఆపుకోలేనంతగా వస్తుంది. దాని తీవ్రత ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది, అప్పటిదాకా ఈదాలని చూడకుండా ఇలాగే తేలుతూ ఉండి, ఊపిరి అదుపులోకి వచ్చాకే కేకేయడమైనా గట్టు వైపు ఈదడమైనా.